దవడలో నీటి తిత్తి: ఓపీజీ చూసి డెంటిజెరస్ అని తేల్చేయొచ్చా?

గోదారి గట్టు (పాలకొల్లు)

నమస్కారం అండి. ఇద్దరు పేషెంట్ల విషయంలో పెద్దల సలహా కావాలి.

మొదటి అతనికి 24 ఏళ్లు. కింద ఎడమ జ్ఞానదంతం, అంటే 38, ఎముకలోనే అడ్డంగా పడుకుని ఉంది. దాని తల దగ్గర మొదలై దవడ వెనక నిలువు భాగంలోకి సుమారు 4 సెంటీమీటర్ల నల్లటి నీడ. అంచు తెల్లగా, స్పష్టంగా ఉంది. బయట వాపు లేదు, నొప్పి లేదు, కింది పెదవి స్పర్శ మామూలుగానే ఉంది. పక్క పన్ను 37 చల్లదనానికి స్పందిస్తోంది, అంటే బతికే ఉంది. భీమవరంలో వేరే పన్ను కోసం తీయించిన ఓపీజీలో (దవడలు మొత్తం పడే ఎక్స్‌రే) ఇది బయటపడింది. ఫొటో జత చేశాను. పన్నుతో పాటు తిత్తిని కూడా లోకల్ అనస్థీషియాలో ఒకే సిట్టింగులో తీసేయొచ్చా? దాళ్వా కోతలయ్యాక వస్తానంటున్నాడు. తర్వాత కువైట్ వెళ్లే ప్రయత్నంలో ఉన్నాడు.

రెండో ఆమెకు 45. పై దవడ ముందు పళ్లలో కుడి పక్కది, 12, ఎప్పుడో దెబ్బ తగిలి రంగు మారింది. వేరు కొన దగ్గర ఒకటిన్నర సెంటీమీటరు గుండ్రటి నీడ, అంగిట్లో మెత్తటి వాపు. రూట్ కెనాల్ చేస్తే సరిపోతుందా, నేరుగా ఆపరేషనేనా?

రెండూ సిస్టులే (నీటి తిత్తులే) అనిపిస్తున్నాయి. ఏ రకమో ఎలా తేల్చాలి? ముందు ఏ పని చెయ్యాలి?

---

నీడలు చదివేవాడు (కాకినాడ)

38 గురించి చెబుతాను. డెంటిజెరస్ అని కేస్ షీటులో అప్పుడే రాయకండి. ఆ నీడ పన్నుకి ఎక్కడ పట్టుకుందో మళ్లీ చూడండి.

డెంటిజెరస్ సిస్టు పన్ను తలకీ, దాన్ని కప్పి ఉండే పొరకీ మధ్య నీరు చేరడం వల్ల వస్తుంది. అందుకే దాని గోడ పన్ను మెడ దగ్గర, ఎనామిల్ ఆగి వేరు మొదలయ్యే గీత మీదే అంటుకుని ఉంటుంది. తల తిత్తి లోపల, వేర్లు బయట. మీరు పెట్టిన ఫొటోలో వెనక వైపు గోడ మెడ దాటి వేరు మధ్య దాకా దిగింది. అలా దిగితే, తీశాక తిరగబెట్టే రకమైన ఓడోంటోజెనిక్ కెరటోసిస్ట్‌ని అనుమానించాలి. అది కూడా ఎముకలో ఉండిపోయిన పన్ను చుట్టూ పాకి, అచ్చం డెంటిజెరస్ లాగే కనిపిస్తుంది.

రెండోది, వాపు లేకపోవడం. 4 సెంటీమీటర్ల డెంటిజెరస్ అయితే ఎముకని ఏదో ఒక వైపు ఉబ్బించడం మామూలు. కెరటోసిస్టు మాత్రం ఎముక లోపలి మెత్తటి భాగంలో పొడవునా పాకుతుంది, బయటి గోడని పెద్దగా నెట్టదు. అందుకే పేషెంటుకి ఏమీ తెలియకుండానే నిలువు భాగం పైదాకా వెళ్లిపోతుంది. మీ వాళ్లకి నొప్పీ వాపూ లేవంటే తేలిక కేసు అనుకోవద్దు.

37 వేర్ల కొనలు కూడా చూడండి. కత్తితో కోసినట్టు అరిగి ఉంటే అమెలోబ్లాస్టోమా (పన్ను కణాల ట్యూమర్) ఆలోచన తప్పనిసరి. డెంటిజెరస్ కూడా వేర్లని అరగదీస్తుంది. కెరటోసిస్టు అంత తరచుగా చెయ్యదు. నీడలో గదులు గదులుగా గీతలుంటే కెరటోసిస్టు గానీ అమెలోబ్లాస్టోమా గానీ కావచ్చు. ఒకే గది ఉన్నంత మాత్రాన అమెలోబ్లాస్టోమా కాదని చెప్పలేం. ఒకే గది ఉండే యూనిసిస్టిక్ రకం సరిగ్గా ఈ వయసులోనే, ఈ చోటే, జ్ఞానదంతం చుట్టూనే వస్తుంది.

కత్తి పట్టేముందు సీబీసీటీ (దవడకి తీసే 3డీ స్కాన్) తీయించండి. కాండైల్ (దవడ కీలు) దాకా నిలువు భాగం మొత్తం ఫిల్ములో పడాలని రిక్వెస్ట్ ఫారం మీద రాయండి. రాయకపోతే పళ్ల వరకే తీసి పంపిస్తారు, పై అంచు కనపడదు. నాలుక వైపు ఎముకకి చిల్లు పడిందా, నరం కాలువ ఏ పక్కకి జరిగింది, కింది అంచున ఎంత మందం మిగిలింది, ఈ మూడూ కొలిచి ఇమ్మని అడగండి.

దవడలో ఇంకోచోట కూడా ఇలాంటి నీడ ఉందా? ఉంటే వంశపారంపర్యంగా వచ్చే గోర్లిన్ సిండ్రోమ్ వెతకాలి. దాని గుర్తులు ఇవి: ఛాతీ ఎక్స్‌రేలో చీలిన పక్కటెముక, పుర్రె ఎక్స్‌రేలో మధ్య గీత వెంట కాల్షియం చారిక, అరచేతుల్లో సూదిమొనంత గుంటలు. ఇంట్లో ఇంకెవరికైనా దవడ ఆపరేషన్లు అయ్యాయేమో కూడా అడగండి.

---

స్లైడు బల్ల (రాజమహేంద్రవరం)

పాథాలజీ వైపు నుంచి. ఏ రకమో తేలాలంటే అది ఏ కణాల నుంచి పుట్టిందో తెలియాలి. పన్ను తయారయ్యేటప్పుడు వాడిన కణాలు పని అయిపోయాక పూర్తిగా పోవు, చిన్న చిన్న గుంపులుగా మిగులుతాయి. చిగురు నుంచి లోపలికి దిగిన డెంటల్ లామినా ముక్కలు మిగిలితే వాటి నుంచి కెరటోసిస్టు, లేటరల్ పీరియోడాంటల్ సిస్టు, చిగుళ్ల సిస్టులు వస్తాయి. వేరుని మలిచిన తొడుగు ముక్కల్ని మలాసే కణాలంటాం. పన్ను చచ్చి, వేరు కొన దగ్గర ఇన్ఫెక్షన్ నిలిచిపోతే ఇవి లేచి రాడిక్యులర్ సిస్టు అవుతాయి. దవడ సిస్టుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇదే. పన్ను పీకేసి తిత్తిని లోపలే వదిలేస్తే దాని పేరు రెసిడ్యువల్ సిస్టు. ఎనామిల్ తయారయ్యాక తల మీద మిగిలే పల్చటి పొర నుంచి డెంటిజెరస్, చిన్నపిల్లల్లో ఎరప్షన్ సిస్టు వస్తాయి.

గ్లాండ్యులర్, కాల్సిఫైయింగ్ సిస్టులు అరుదు. గ్లాండ్యులర్ మాత్రం తిరగబెట్టే రకమని గుర్తుంచుకోండి.

కెరటోసిస్టుని డబ్ల్యూహెచ్‌వో 2005లో ట్యూమర్ల జాబితాలో పెట్టి, 2017లో మళ్లీ సిస్టుల్లోకి తెచ్చింది. పాత రిపోర్టుల్లో కెరటోసిస్టిక్ ఓడోంటోజెనిక్ ట్యూమర్ అని ఉంటే పేషెంటుని కంగారు పెట్టొద్దు. అది ఇదే. వర్గం మారింది గానీ తిరగబెట్టే గుణం మారలేదు.

స్లైడు మీద కెరటోసిస్టు లైనింగ్ (లోపలి పొర) 6 నుంచి 8 వరుసల కణాలే ఉంటుంది. అడుగు వరుస కంచె కర్రల్లా నిలబడుతుంది, పై వరుస అలలు అలలుగా ఉంటుంది. చిక్కేమిటంటే చీము పట్టిన చోట ఈ లక్షణాలన్నీ పోతాయి. అక్కడి ముక్క చూస్తే మామూలు రాడిక్యులర్ లాగే ఉంటుంది. పన్ను పక్కన, వాచిన చోట, 3 మిల్లీమీటర్ల ముక్క ఒకటి తీసి పంపితే మేము ఇచ్చే రిపోర్టు తప్పుదారి పట్టించే అవకాశం ఉంది. రెండు మూడు చోట్ల నుంచి, ఒక్కోటి సెంటీమీటరు దాకా తియ్యండి. గోడ మందంగా గానీ బుడిపెలా గానీ కనిపించిన చోట తప్పకుండా ఒక ముక్క ఉండాలి. అమెలోబ్లాస్టోమా దాక్కునేది అక్కడే.

సీసా సంగతి కూడా చెప్పాలి, పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. స్పిరిట్‌లో, సెలైన్‌లో వేసి పంపకండి. 10 శాతం ఫార్మలిన్ కావాలి. బజార్లో దొరికే గాఢ ఫార్మలిన్ 1 పాలు, నీళ్లు 9 పాళ్లు. ల్యాబ్ నుంచి బఫర్ కలిపినది తెచ్చుకుంటే ఇంకా మంచిది. ముక్క పరిమాణానికి కనీసం 10 రెట్లు ద్రవం ఉండాలి. మూతి వెడల్పుగా ఉన్న సీసా వాడండి. ఫార్మలిన్‌లో ముక్క బిగుసుకుంటుంది, ఇంజెక్షన్ సీసాలో దూర్చినది బయటికి రాదు, చివరికి నలిగిపోతుంది. పేరు మూత మీద కాదు, సీసా ఒంటి మీద రాయండి. కొరియర్‌లో పంపితే మూత చుట్టూ టేపు వేసి, సీసాని ప్లాస్టిక్ సంచీలో కట్టండి. ఓపీజీ ఫొటో, వయసు, పక్క పన్ను బతికుందో లేదో రాసిన కాగితం సంచీ బయట పెట్టండి. ఎక్స్‌రే లేకుండా వచ్చిన దవడ ముక్కకి గట్టి రిపోర్టు ఇవ్వడం కష్టమండి.

---

చిగురు చివర (అమలాపురం)

12 కేసుకి రూట్ కెనాలే ముందు. కానీ దానికన్నా ముందు 12కీ, చుట్టూ ఉన్న 13, 11, 21, 22 పళ్లన్నిటికీ చల్లదనం పరీక్ష, వీలైతే ఎలక్ట్రిక్ పరీక్ష కూడా చెయ్యండి. 12 ఒక్కటే చచ్చి, మిగతావి బతికుంటే రాడిక్యులర్ అనుకోవచ్చు. 12 కూడా బతికే ఉందని తేలితే రూట్ కెనాల్ ముట్టుకోకండి, అది వేరే జబ్బు. ముందు పళ్ల మధ్య గీత మీద గుండె ఆకారపు నీడ ఉండి పళ్లన్నీ బతికుంటే అది నాసోపాలటైన్ డక్ట్ సిస్టు. పన్ను కణాలకి దానితో సంబంధమే లేదు.

అంగిట్లో వాపు రావడం 12కి సహజమే. ఆ వేరు కొన అంగిటి వైపు వంగి ఉంటుంది. చీమైనా నీరైనా అటే దారి చేసుకుంటుంది.

ఎక్స్‌రేలో గ్రాన్యులోమాకీ (వేరు కొన దగ్గర వాచిన గట్టి కండ) సిస్టుకీ తేడా కచ్చితంగా చెప్పలేం. పెద్దదైతే సిస్టు అయ్యే అవకాశం ఎక్కువ, అంతే. సిస్టులోనూ రెండు రకాలు. తిత్తి నోరు వేరు కాలువలోకి తెరుచుకుని ఉంటే దాన్ని పాకెట్ సిస్టు అంటాం, కాలువ శుభ్రం చేస్తే అది మానుతుంది. చుట్టూ మూసుకుపోయిన ట్రూ సిస్టు మానకపోవచ్చు. ఏదో ముందుగా తెలియదు కాబట్టి ముందు రూట్ కెనాల్ చేసి చూడటమే సబబు.

చేసేటప్పుడు గమనించాల్సినవి: కాలువ తెరవగానే గడ్డి రంగు నీరు వస్తే గాజు పలక మీద ఒక చుక్క వేసి లైటుకి పట్టండి. తళుకు తళుకుమని మెరిసే రేణువులు కొలెస్టరాల్. నీరు కారడం 10, 15 నిమిషాల్లో తగ్గుతుంది. తగ్గాక ఆరబెట్టి, కాల్షియం హైడ్రాక్సైడ్ పెట్టి మూసేయండి. పన్ను తెరిచి ఇంటికి పంపొద్దు. నోట్లో సూక్ష్మజీవులన్నీ లోపలికి చేరి, మెత్తగా ఉన్న తిత్తి వారంలో చీముగడ్డ అవుతుంది. ఇక్కడ వేరు కొన అవతల ఎముక లేదు కనుక కాలువ కడిగే హైపోక్లోరైట్ బయటికి దూకే ప్రమాదం ఎక్కువ. పక్క రంధ్రం ఉన్న సూది, పని పొడవుకి (కాలువలో పని చేసే లోతుకి) 2 మిల్లీమీటర్లు తక్కువలో, సూది ఇరుక్కోకుండా ఆడిస్తూ, పిస్టన్‌ని చూపుడువేలితో మెల్లగా నొక్కండి. బొటనవేలితో నొక్కితే ఒత్తిడి పెరుగుతుంది.

6 నెలలకి, ఏడాదికి ఎక్స్‌రే. అదే కోణంలో తియ్యకపోతే పోలిక పనికిరాదు. నీడ తగ్గుతూ ఉంటే ఓపిక పట్టండి, పూర్తిగా నిండడానికి కొన్నేళ్లు పట్టొచ్చు. ఏడాదికి కూడా కదలకపోతే, పెరిగితే, వాపు తిరగబెడితే అపిసెక్టమీ. తిత్తి తీసి, వేరు కొన 3 మిల్లీమీటర్లు కోసి, వెనక నుంచి 3 మిల్లీమీటర్ల లోతున సిమెంటు లాంటి ఎమ్‌టీఏ నింపడం. తీసిన తిత్తి చెత్త బుట్టలో పడెయ్యొద్దు, చచ్చిన పన్ను దగ్గరున్నా సరే. వేరు కొన దగ్గర రాడిక్యులర్ వేషంలో కెరటోసిస్టులు దొరికిన సందర్భాలున్నాయి.

---

గోదారి గట్టు (పాలకొల్లు)

అందరికీ ధన్యవాదాలండి. 12కి పక్క పళ్లన్నీ స్పందించాయి, అది ఒక్కటే చచ్చింది. రూట్ కెనాల్ మొదలుపెడతాను. 38 దగ్గర సిరంజితో లాగి చూస్తే ఏమైనా తెలుస్తుందా? కోతల దాకా ఆగితే ప్రమాదమా?

---

దవడ పని (భీమవరం)

సిరంజి పరీక్ష తప్పకుండా చెయ్యండి, అదీ తెరిచే ముందే. లోకల్ ఇచ్చి, 18 గేజ్ సూది, 10 మిల్లీ సిరంజి. పల్చటి సూదికి చిక్కటి పదార్థం రాదు, రాలేదని గట్టి గడ్డ అనుకుంటారు. ఎముక మందంగా ఉంటే గుండ్రటి బర్రుతో (డ్రిల్లు మొన) చిన్న రంధ్రం పెట్టి దూర్చండి.

గడ్డి రంగు నీరు వస్తే డెంటిజెరస్, రాడిక్యులర్, యూనిసిస్టిక్ అమెలోబ్లాస్టోమా మూడూ కావచ్చు, దాంతో తేలిపోదు. మురికి తెలుపులో, చిక్కగా, జున్ను పొడిలా వస్తే అది కెరటిన్. ఒక చుక్క స్లైడు మీద పరిచి 95 శాతం ఆల్కహాల్‌లో పెట్టి పంపండి. నీరు సరిపడా వస్తే ప్రోటీన్ కూడా చూపించొచ్చు. 100 మిల్లీకి 4 గ్రాముల లోపు ఉంటే కెరటోసిస్టు వైపు మొగ్గు. ఎర్రటి రక్తం దానంతట అదే సిరంజిని వెనక్కి నెడుతూ వస్తే సూది తీసి గట్టిగా నొక్కి పట్టుకుని అక్కడితో ఆపెయ్యండి. రక్తనాళాల గడ్డ మీద పన్ను పీకితే మనిషి కుర్చీలోనే పోయే ప్రమాదం ఉంది.

తర్వాత బయాప్సీ. పైన స్లైడు బల్ల మేడమ్ చెప్పినట్టు తీసి పంపండి. రిపోర్టు వచ్చేవరకు 38ని పీకకండి. పన్ను పీకితే తిత్తి చిరిగి సగం లోపలే ఉండిపోతుంది, మిగిలిన దానికి చీము పడుతుంది, ఆ తర్వాత ఏ ముక్కా సరిగ్గా చదవడం కుదరదు.

ఇది క్లినిక్కులో చేసే పని కాదు. జనరల్ అనస్థీషియా ఉన్న చోట, మాక్సిల్లోఫేషియల్ సర్జన్ చేతిలో జరగాలి. ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉంటే ఈ ఆపరేషన్ దాని కింద వస్తుందో లేదో హాస్పిటల్లో ఆరోగ్యమిత్రని ముందే అడిగి ఉంచుకోమనండి.

డెంటిజెరస్ అని తేలితే పన్ను, తిత్తి కలిపి తీసేస్తే పని అయినట్టే. గోడ మందంగా ఉంటుంది, క్యూరెట్ (గీరే పనిముట్టు) వీపుని ఎముక వైపు ఆనించి నెడితే ఒక్క సంచీలా ఊడి వస్తుంది. తిరగబెట్టడం అరుదు. కెరటోసిస్టు గోడ లేత బొండంలో మీగడ లాంటిది, గీరితే ముక్కలవుతుంది. గోడ బయట పిల్ల తిత్తులు కూడా ఉంటాయి. ఉత్తి గీకుడుతో వదిలేస్తే సుమారు నలుగురిలో ఒకరికి మళ్లీ వస్తుంది. అందుకే తిత్తి తీశాక కుహరానికి మిథిలీన్ బ్లూ పూసి, నీలం పట్టిన ఎముకని సెలైన్ పోస్తూ పెద్ద గుండ్రటి బర్రుతో 1 నుంచి 2 మిల్లీమీటర్లు చెక్కుతాం. తిత్తి ఎముక దాటి చిగురుకి అంటుకున్న చోట ఆ చిగురు ముక్కని కూడా తీసేస్తాం.

మిగిలిన కణాల్ని చంపడానికి కార్నాయ్ ద్రావణం చాలామంది వాడతారు. ఆబ్సల్యూట్ ఆల్కహాల్ 6 మిల్లీ, క్లోరోఫామ్ 3 మిల్లీ, గ్లేసియల్ అసిటిక్ యాసిడ్ 1 మిల్లీ, ఫెర్రిక్ క్లోరైడ్ 1 గ్రాము. క్లోరోఫామ్ క్యాన్సర్ భయం వల్ల దాన్ని మానేసి మిగతావి వాడేవాళ్లూ ఉన్నారు. గాజుగుడ్డని అందులో తడిపి కుహరంలో 3 నిమిషాలు, తర్వాత బాగా కడగాలి. పెదవికీ చిగురుకీ వాజలిన్ పూసి తడి గాజుగుడ్డ అడ్డం పెట్టాలి. నరం బయటపడి ఉంటే నేను దాని జోలికి వెళ్లను. పెదవి జీవితాంతం మొద్దుబారడం కన్నా జాగ్రత్తగా చెక్కి, ఏటా ఎక్స్‌రే తీసి చూడటం మేలు. దానికి బదులు 5 శాతం ఫ్లూరోయురాసిల్ క్రీము పూసిన గాజుగుడ్డని కుహరంలో పెట్టి 24 గంటల తర్వాత తీసే పద్ధతి ఇప్పుడు బాగా వాడుకలోకి వస్తోంది.

ఇంకో దారి డీకంప్రెషన్. తిత్తికి కిటికీ కోసి, గొట్టం కుట్టి, నెలల తరబడి కడుగుతూ కుంచించుకుపోయేలా చెయ్యడం. నరానికీ ఎముకకీ ఇదే సురక్షితం. ఇంట్లో రోజుకి రెండుసార్లు 20 మిల్లీ సెలైన్ సిరంజితో కడగాలి. గొట్టం ఊడితే రెండు మూడు రోజుల్లోనే కిటికీ పూడుకుపోతుంది, పని మళ్లీ మొదటికొస్తుంది. కువైట్ వెళ్లే మనిషికి ఇది వద్దు. అక్కడ గొట్టం ఎవరు చూస్తారు? అతనికి ఒకే ఆపరేషన్‌తో తేల్చెయ్యాలి, లేదంటే గొట్టం ఉన్నన్నాళ్లూ ప్రయాణం మానుకోవాలి.

కోతల దాకా ఆగడం గురించి. బయాప్సీ మాత్రం ఇప్పుడే చెయ్యండి. రిపోర్టు వచ్చి అమెలోబ్లాస్టోమా కాదని తేలితే, నొప్పీ మొద్దుబారడం లేకపోతే, కొన్ని వారాల ఆలస్యం వల్ల పెద్దగా మారదు. కానీ ఆపరేషన్ అయ్యాక ఆరు వారాలు మెత్తటి అన్నమే, ధాన్యం బస్తాలెత్తడం వద్దు. కింది అంచు పల్చగా ఉన్న దవడ చెరుకు ముక్క కొరికినా విరగొచ్చు. పనులు ముగిశాక ఆపరేషన్ అనుకోవడం ఆ లెక్కన మంచిదే.

ఆపరేషన్ తర్వాత ఓపీజీ 5 ఏళ్లు ఏడాదికోసారి, తర్వాత రెండేళ్లకోసారి. పదేళ్లు దాటాక తిరగబెట్టినవి కూడా ఉన్నాయి. బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్‌కి ముందూ తర్వాతా తీసిన ఓపీజీలు ఫోనులోనూ కాగితం మీదా రెండు చోట్లా ఇచ్చి పంపండి. పారఫిన్ బ్లాకు (ల్యాబులో మైనంలో దాచిన ముక్క) నంబరు రిపోర్టు మీద ఉందో లేదో చూడండి. రేపు ఇంకో దేశంలో ఇంకో డాక్టరు స్లైడు మళ్లీ చూడాలంటే అదే ఆధారం.

---

తాటాకు పందిరి (రావులపాలెం)

ఇదే వరసలో ఒక ప్రశ్న. ఏడేళ్ల పాప, కింద మొదటి పెద్ద దవడ పన్ను రావాల్సిన చోట చిగురు మీద నీలంగా బుడగ. ఇంట్లోవాళ్లు సూదితో గుచ్చమంటున్నారు.

---

స్లైడు బల్ల (రాజమహేంద్రవరం)

పన్ను వచ్చే వయసే, వచ్చే చోటే కాబట్టి చాలావరకు ఎరప్షన్ సిస్టే. డెంటిజెరస్ లాంటిదే, కాకపోతే ఎముక దాటి చిగురులోకి వచ్చేసింది. నమిలేటప్పుడు లోపల కాస్త రక్తం చేరి నీలం రంగు వస్తుంది. ఇంట్లో సూదితో గుచ్చితే చీము పట్టడం తప్ప లాభం లేదు. చిన్న ఎక్స్‌రే తీసి, కింద పన్ను నిటారుగా ఉందని చూసుకుని వదిలెయ్యండి, పన్ను తోసుకుని వచ్చినప్పుడు అదే పగిలిపోతుంది. నొప్పి పుట్టినా, జ్వరం వచ్చినా, నెల దాటినా పన్ను మొన కనపడకపోయినా, క్లినిక్కులో మత్తిచ్చి పైన చిగురు కాస్త కోసి పన్ను తల కనపడేలా చేస్తే చాలు. తిత్తి మొత్తం తవ్వి తియ్యక్కర్లేదు.

అదే పన్ను సగం వచ్చాక బుగ్గ వైపు చిగురు వాచి, ఎక్స్‌రేలో పన్ను వాలి ఉంటే అది వేరే. బుక్కల్ బైఫర్కేషన్ సిస్టు ఆరేళ్ల నుంచి పదకొండేళ్ల పిల్లల్లో ఎక్కువగా ఈ పన్నుకే వస్తుంది. పన్ను బతికే ఉంటుంది. తిత్తిని తీస్తే చాలు, పన్నుని పీకకండి.